కాగితం మీద కిందికి పడిన గీత

దయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఇప్పటికీ నమ్మను. పోయిన చలికాలం జరిగినదాన్ని మాత్రం ఎలా అర్థం చేసుకోవాలో తెలియక, మా పాప పక్కన కూర్చుని రాస్తున్నాను.

మేం మహబూబ్‌నగర్‌లో కిరాయికి ఉంటున్నాం. నాకు చదువు చెప్పిన ప్రొఫెసర్ గారు ఒక ఉపగ్రహం పంపిన అంకెలను ఫ్లాపీల్లో ఇచ్చేవారు. అంతరిక్షంలోని కిరణాలను లెక్కపెట్టే పరికరం అందులో ఉంది. మాకు పెద్ద యంత్రాలు ఎక్కడివి? బస్టాండు దగ్గర ఖాదర్ భాయ్ కంప్యూటర్ సెంటర్‌లో, దుకాణాల బిల్లులు వేసే స్ప్రెడ్‌షీట్‌లోనే ఆ అంకెలు పోసి గ్రాఫులు గీసేదాన్ని. వాటితో రాసే పరిశోధన వ్యాసంలో నా పేరు వేస్తామన్నారు. పెళ్లయ్యాక నాకంటూ మిగిలిన పని అదొక్కటే.

ఉపగ్రహం మన ఆకాశం దాటిపోతే అంకెలు రావు. ఆ గళ్లు ఖాళీగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని సున్నాలనుకుని గీతను కిందికి పడేస్తుంది. అందుకని పై గడి, కింది గడి సగటుతో పూడ్చమనేవారు ప్రొఫెసర్ గారు.

ఆ మధ్యాహ్నం అన్నీ పూడ్చాను. తెర మీద గీత సాఫీగా ఉంది. కాగితం మీద మాత్రం నడుమ కిందికి పడి, అడుగునే పాకి, మళ్లీ లేచింది. ఇంకో ప్రింటు తీశాను. అదే చోట పడింది. ఈసారి లేవలేదు.

"ప్రింటర్ మంచిగనే ఉందమ్మా. పొద్దుగాల పెండ్లిపత్రికలు కొట్టిన, ఒక్క గీత పోలే. నీ ఉపగ్రహమే అలిగినట్టుంది" అని ఖాదర్ భాయ్ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకో పాప గుర్తొచ్చింది. కాగితాలు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

"గట్ల ఉరికొస్తున్నవేందే? పిల్ల ఇప్పుడే పండింది, లేపకు" అంది అత్తమ్మ వాకిట్లోనే.

దుప్పటి తీస్తే పాప ఒళ్లు కాలిపోతోంది. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి అందడం లేదు.

దవాఖానలో డాక్టర్, "ఇంక జర ఆలస్యమైతే దక్కకపోవునమ్మా" అన్నాడు.

పాప దక్కింది. పని దక్కలేదు. ఖాదర్ భాయ్ పంపించిన ఆ కాగితాలు చూసి ప్రొఫెసర్ గారు, "గళ్లు పూడ్చడం కూడా మరిచావు. పసిపిల్ల తల్లికి ఈ పని అప్పగించడం నాదే పొరపాటు" అన్నారు. ఫ్లాపీ పెట్టి చూపించాను. ఒక్క గడి ఖాళీ లేదు. ఆయన కళ్లెదుటే ప్రింటు తీస్తే గీత సాఫీగా వచ్చింది. "తర్వాత పూడ్చి తెచ్చావు" అన్నారు.

వ్యాసం అచ్చయింది. నేను గీసిన గ్రాఫులన్నీ ఉన్నాయి, నా పేరు లేదు.

మా ఆయన కాకతాళీయం అంటారు. అత్తమ్మ దేవుడంటుంది, మొక్కు కూడా తీర్చింది. ప్రొఫెసర్ గారు అబద్ధం అంటారు. అందరి దగ్గరా ఏదో ఒక జవాబు ఉంది. కాగితం చేత్తో పట్టుకుని చూసిన నా దగ్గరే లేదు.