సాంచా మోత తీసేశాక

గ్రూపు ప్రాజెక్టు అంటే నలుగురు కలిసి చేసేది అన్నారు సారు. ముగ్గురు కలిసి ఒకరి నెత్తిన పెట్టేది అని నాకు కరీంనగర్‌లో డిగ్రీ రెండో ఏడులో తెలిసింది. పాడ్‌కాస్ట్ ఇంటర్వ్యూ చేయాలి, కష్టం చేసుకుని బతికే మనిషి ఒకరు కావాలి. "మీ బాపు ఉన్నడు గదనే!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. మా బాపు సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా ఊళ్లో అట్లాగే అంటారు. నేను గొప్పకు పోయి సరే అన్నాను. అప్పుడే నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది!

సాంచాల యజమానిని మేం ఆసామి అంటాం. షెడ్డులో రికార్డు చేసుకోవడానికి ఆయన ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "తయారైనంక నాకు వినిపియ్యాలె."

బువ్వల వేళ సాంచాలు ఆపించి బాపు అంగీ కాలరుకు మైకు తగిలించాం. ప్రశ్న అడిగితే బిత్తరచూపులు చూశాడు. మళ్లీ అడిగితే సంబంధం లేని జవాబు చెప్పాడు. దోస్తుల ముందు నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి ఆయనే లేచి, "సాంచ నడువనియ్యుండ్రి, అప్పుడు చెప్త" అని స్విచ్చు వేశాడు. ఇక చెవులు పగిలే మోత. ఆ మోతలో మేం నోరు పెద్దగా తెరిచి ఒక్కో మాటా విడమరిచి అడిగితే, మా పెదాలు చూస్తూ టకటకా జవాబులు చెప్పాడు. అక్కడ అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. ఇంకో అలవాటు కూడా ఉంది. కడుపులో ఏదైనా బాధ ఉంటే సాంచా మీదికి వంగి దానికే చెప్పుకుంటారు, తిట్టయినా ఏడుపైనా. ఎవరికీ వినపడదు. తెగిన పోగు ముడివేస్తూ బాపు కూడా ఏదో గొణిగాడు. నేను పట్టించుకోలేదు.

రెండు రోజుల తర్వాత హాస్టల్లో, ఎడిటింగ్ చేసే ఉట్నూర్ దోస్తు లాప్‌టాప్‌లో ఏదో నొక్కి సాంచా మోత మొత్తం తీసేసింది. బాపు గొంతు ఒక్కటే మిగిలింది.

"నాకు చెవులు పోయినయ్. ఆసామికి తెలిస్తె రేపే ఎల్లగొడ్తడు. సాంచ నడిచినంత సేపే నేను అందరి లెక్క. ఆగిందంటె దొరికిపోత."

ఇంట్లో మేమంతా అరిచే మాట్లాడతాం. సాంచాలోళ్ల ఇల్లు ఇంతేలే అనుకునేదాన్ని. కన్నబిడ్డను, నాకే తెలియలేదు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

"ఇదే గదనే మన ఎపిసోడ్!" అంది దోస్తు. "ఇది తీసేస్తె ఇంకేం మిగుల్తది?"

"ఆసామి ఇంటడే!"

"ఆయనకు వేరేది వినిపిద్దాం."

"రేపు ఫోన్లల్ల ఊరంత తిరుగుతది. అప్పుడు మా బాపును నువ్వు సాదుతవా?" అని ఒర్రాను. మార్కులు నలుగురివీ. వాళ్ల కోపంలోనూ న్యాయం ఉంది, అదే నా ప్రాణం తీసింది. బాపు గొణిగిన ఆ మాటలు పట్టుబట్టి కోయించాను. అంతటితో ఊరుకోక సాంచా మోత కూడా తిరిగి పెట్టించాను. అది లేకుండా బాపును వదలబుద్ధి కాలేదు. మోత ఎక్కువైందని సారు మార్కులు తగ్గించారు. దోస్తు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

ఇంటికి పోయి బాపుకు ఎదురుగా కూర్చుని సంగతి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

"గంత మోతల గూడ ఇనవడ్డదా, బిడ్డా?"

"తీసేసిన బాపూ. ఫికర్ చెయ్యకు."

నమ్మినట్టు లేదు. ఆ రాత్రి బువ్వ సరిగా తినలేదు.

మర్నాడు బువ్వల వేళ ఆసామి గదిలో బల్ల మీద ఫోన్ పెట్టి వినిపించాను. బయట సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయనకు ఒక్క ముక్క వినపడదు. తన గుట్టు అక్కడ బయటపడుతున్నదో లేదో తెలియదు. ఆసామి మొహాన్నే రెప్పవేయకుండా చూస్తున్నాడు. ఆసామి నవ్వితే నవ్వాడు, తలూపితే తలూపాడు.

రికార్డింగు అయిపోయింది. ఆసామి చాయ్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, "మంచిగుంది, పోయి పని చూస్కో" అన్నాడు. గ్లాసు అడ్డం వచ్చింది, పెదాలు కనపడలేదు. బాపు కదలకుండా అట్లాగే నిలబడి ఉన్నాడు. నేను ఆసామి వెనక్కి పోయి, గొంతు లేకుండా పెదాలతోనే అన్నాను.

"అయిపోయింది బాపూ. పోదాం పా."