కాపీరైట్ ఆఫీసుకొక సిఫార్సు

మొన్న ప్లేనోలో మా అమ్మాయి ఇంట్లో కాఫీ తాగుతూ టీవీ ముందు కూర్చున్నాను. పుస్తకాలకూ పాటలకూ హక్కులు నమోదు చేసే కాపీరైట్ ఆఫీసు అసలు ఎవరి చెప్పుచేతల్లో ఉండాలని టైలు కట్టుకున్న నలుగురు అరుచుకుంటున్నారు. ఈ అమెరికాలోనే పుట్టి పెరిగిన మా అల్లుడు ఫోన్లోంచి తలెత్తకుండా, "అది జస్ట్ స్టాంప్ వేసే ఆఫీస్ కదా అత్తయ్యా, ఎవరి కింద ఉంటే ఏంటి?" అన్నాడు. ఆ స్టాంపు వేసే ఆఫీసులోనే నేను ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశానని అతనికి ఎప్పుడో చెప్పాను, గుర్తున్నట్టు లేదు. అల్లుడి మీద వచ్చిన కోపాన్ని ఏం చేసుకోవాలో మన తరం ఆడవాళ్ళకి తెలిసిందే కనుక, కప్పు పట్టుకుని వంటింట్లోకి వచ్చి, మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

డెబ్బైల చివర, కొత్త కాపీరైట్ చట్టం అమల్లోకి వచ్చిన కొత్తలో, రాజధాని పక్కనే ఉన్న ఆ ఆఫీసులో దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగం నాకు దొరికింది. అప్పటికి మావారి ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. మేరీలాండ్‌లో రెండు గదుల అపార్టుమెంటు, చంటిపిల్ల, ఇంటిల్లిపాదికీ నా జీతమే ఆధారం, పైగా మొదటి ఏడాది ప్రొబేషను కాబట్టి పొమ్మంటే మారుమాట లేకుండా పోవాల్సిందే. పెళ్ళికి ముందు హైదరాబాదులో ప్రభుత్వ గుమాస్తాగా చేసినప్పుడు, మంత్రిగారి పేషీ నుంచి ఒక్క ఫోను వస్తే అడుగున ఉన్న ఫైలు ఎలా పైకి తేలుతుందో, పైన ఉన్నది ఎలా మాయమవుతుందో కళ్ళారా చూశాను. అమెరికాలో అలాంటివేవీ ఉండవని ఎవరో చెబితే నమ్మాను కూడా.

మా సెక్షనుకు పెద్ద ఒక నల్లజాతి ఆవిడ, అరవైకి దగ్గర పడిన మనిషి, ఆదివారం చర్చి మానదు, సోమవారం ఆఫీసుకు ఆలస్యంగా రాదు. ఆవిడ దగ్గర ఒక ఆచారం ఉండేది. ఏ ఫైలు గురించైనా బయటినుంచి ఎవరు ఫోను చేసినా, వాళ్ళు ఏమడిగారో గులాబీరంగు చీటీ మీద రాయాలి, రాసింది వాళ్ళకే చదివి వినిపించాలి, పేరుకు స్పెల్లింగు అడగాలి, ఆ చీటీ ఫైల్లో పెట్టాలి. ఇది చట్టంలో ఉన్నదేమీ కాదు, ఆవిడ పెట్టిన పద్ధతి, అంతే. మా అమ్మమ్మ మడి కూడా అంత నిష్ఠగా ఉండేది కాదు.

తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కనుక తెలుగు పుస్తకాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. అలా ఒకరోజు మేరీలాండ్‌లో మేమున్న ఊళ్ళోనే పేరుమోసిన గుండె డాక్టరుగారి పుస్తకం వచ్చింది. మంగళహారతులు, పెళ్ళిపాటలు, జోలపాటలు, అన్నీ మన అమ్మమ్మలు పాడుకున్నవే, మా తెలుగు ఆడవాళ్ళు నోటుపుస్తకాల్లోంచి వెతికి ఆయనకు రాసిచ్చినవే. మొదటి పేజీలో సూటు వేసుకున్న ఆయన ఫోటో, దరఖాస్తులో రచయిత పేరు దగ్గర ఆయన పేరు. సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అన్నారా? అప్పటికే ఇంకో ఊరి తెలుగువాళ్ళు తమ సంచికలో రెండు జోలపాటలు వేసుకుంటే, తన అనుమతి లేకుండా ఎలా వేస్తారని ఈయన ఉత్తరం రాశాడు. ఆ సర్టిఫికెట్టు చేతికొస్తే ఇక మా అమ్మమ్మ పాట నేను పాడుకోవడానికి ఆయన గుమ్మం ముందు నిలబడాలన్నమాట.

ఆయన నాకు తెలిసినవాడని పెద్దావిడతో ముందే చెప్పేశాను. తెలుగు చదివేవాళ్ళు ఇంకెవరూ లేరు గనుక నువ్వే చూడు, నీ సంతకం కింద నాదీ ఉంటుంది అన్నదావిడ. ఇందులో పాతవేవి, మీరు రాసినవేవి, దయచేసి తెలియజేయండి అని రెండు వాక్యాల ఉత్తరం పంపాం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన సరాసరి మావారికి ఫోను చేశాడు. "మీ ఆవిడకి కాస్త చెప్పు బ్రదర్, మనవాళ్ళ పనికి మనవాళ్ళే అడ్డం పడితే ఎలా? కాంగ్రెస్‌మన్ మా ఇంట్లో డిన్నర్ చేసిన మనిషి, తెలుసుగా!" కాంగ్రెస్‌మన్ అంటే ఇక్కడి ఎంపీ అన్నమాట, ఆ డిన్నరు మేమూ చూశాం. గారెను ఫోర్కుతో పొడుచుకు తింటున్న ఆ కాంగ్రెస్‌మన్ పక్కన, ఫోటో కోసం డాక్టరుగారు ఎంతలా ఒంగిపోయాడంటే, గుండె జబ్బు ఆయనకే వచ్చిందేమో అనుకున్నాను.

వారం తిరక్కుండా ఆ కాంగ్రెస్‌మన్ ఆఫీసు నుంచి నాకు ఫోను. కుర్రగొంతు, తేనె పూసిన మాటలు. తమ నాయకుడికి ఈ పుస్తకం విషయంలో ఎంతో ఆసక్తి ఉందట! తెలుగు ఒక్క అక్షరం చదవలేని పెద్దమనిషికి మంగళహారతుల మీద ఆసక్తి! ప్రొబేషనులో ఉన్నారటగా అని కూడా అన్నాడు, ఎవరు చెప్పారో వేరే చెప్పాలా? నేను చీటీ తీసి రాశాను, రాసింది వినిపించాను, పేరుకు స్పెల్లింగు అడిగాను. అంతసేపు గడగడా మాట్లాడినవాడికి సొంత పేరు గుర్తురాలేదు కాబోలు, ఫోను పెట్టేశాడు. నా ఉద్యోగం కూడా అక్కడితో సరి అనుకుని, బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

తర్వాత మా ఆఫీసు అధిపతికే ఆ కాంగ్రెస్‌మన్ ఉత్తరం వచ్చింది. పొగడ్తలు, పరామర్శలు, చివర్న మాత్రం మీ బడ్జెట్టు త్వరలో మా ముందుకొస్తుంది కదా అని ఒక ముక్క. బెదిరింపని తెలియాలి, నిలదీస్తే కాదనడానికి వీలుండాలి, ఇదీ ఆ నాయకుల జాతి నేర్చుకున్న చదువు. అధిపతి మెట్లు దిగి మా దగ్గరికి వచ్చి, ఫైలు మొత్తం చదివి, మీరడిగిన ప్రశ్న సరైనదేనా అని ఒక్కమాట అడిగారు. మా పాస్టరునైనా ఇదే అడుగుతాను అన్నది పెద్దావిడ. ఇక్కడ అందరికీ ఒకటే ప్రశ్న అని జవాబు రాసి, నా చీటీ నకలు దానికి జతచేసి పంపించారాయన. అటునుంచి మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు.

మూడు నెలలకు డాక్టరుగారు, పాటలు పాతవే, ముందుమాటా కూర్పూ మాత్రం నావి అని దరఖాస్తు దిద్ది పంపాడు. మేము మొదట్నుంచీ అడిగిందీ అదే. అందరితో పాటు వరుసలో ఉండి, ఆయన వంతు వచ్చినప్పుడు, ఆ కూర్పుకు మాత్రమే నమోదైంది. నా ఉద్యోగమూ పక్కా అయింది.

కథ ఇంతటితో అయిపోతే బాగుండేది. ఆ ఉగాదికి మా తెలుగువాళ్ళందరం చేరిన హైస్కూలు కెఫెటీరియాలో, డాక్టరుగారు సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి తెచ్చి, కాంగ్రెస్‌మన్ ఒక్క ఫోను కొడితే ఆఫీసు ఆఫీసంతా కదిలిందని మైకులో చెప్పాడు. తన కోడి కూయకపోతే తెల్లవారదనుకున్న ముసలమ్మ నయం, ఆవిడ కనీసం అమాయకంగా నమ్మింది! ఇంటింటా ఉన్న పాటలు రాసిచ్చిన ఆ ఆడవాళ్ళే చప్పట్లు కొట్టారు. పులిహోర వరుసలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, ఆ కాంగ్రెస్‌మన్ నంబరు కాస్త ఇప్పించమని బతిమాలింది. ఫైలు సంగతులు బయట మాట్లాడకూడదు గనుక నోరు మూసుకుని పులిహోర తిన్నాను.

పోయినవాళ్ళను తిట్టకూడదంటారు గాని, ఆయన మీద అసహ్యం నాకీనాటికీ పోలేదు. అయితే మొన్న ఆ వంటింట్లో కూర్చుని ఆలోచిస్తుంటే ఒకటి తోచింది. గొప్ప చెప్పుకోవడానికి ఆయనకు అబద్ధం ఆడక తప్పలేదు. పైనుంచి ఒక ఫోను వస్తే అక్కడ పనైపోతుందన్నది ఆ రోజుల్లో అబద్ధం, దాన్ని అబద్ధంగానే ఉంచడానికి మా పెద్దావిడా ఆ అధిపతీ తమ కుర్చీలు పోయినా సరే అనుకున్నారు. రేపు ఆ ఆఫీసు ఎవరి చెప్పుచేతల్లోకో పోయాక, ఏ డాక్టరుగారో మైకు పట్టుకుని అదే మాటంటే, నిజమే చెబుతున్నాడేమోనని నాకు భయం.