అమెరికాలో పొగడదొడ్డి వారు

మా ఆయన పేరు పొగడదొడ్డి వీరభద్రరావు. ఇందులో వీరభద్రరావు గురించి ఆయనకు పెద్ద పట్టింపు లేదు. రావుగారూ అన్నా పలుకుతారు, భద్రం అన్నా పలుకుతారు. పొగడదొడ్డి అన్న మాట చెవిన పడితే మాత్రం పెళ్లిభోజనంలో విస్తరి ముందు నుంచైనా లేచిపోతారు.

ఉద్యోగం టెలిఫోన్ల శాఖలో. ఏ ఊరి డైరెక్టరీ చేతికొచ్చినా ముందు తన ఇంటిపేరు ఉందేమో చూసేవారు. బెజవాడలో మేమూ మా మరిదీ. గుంటూరులో ఒక ప్లీడరుగారు ఉండేవారు, ఆయన పోయాక వచ్చిన డైరెక్టరీలో ఆ పేరూ లేదు. నెల్లూరులో ఉన్న ఒకాయన ఎటు వెళ్లిపోయారో తెలియలేదు. ఏడాదికేడాది ఆ పేరు పలచబడటమే గాని చిక్కబడటం లేదు. మా మరిదికి పిల్లలు లేరు. మాకు ఒక్కతే కూతురు, రష్మి. "ఇక మా ఇంటిపేరు నాతో సరి" అని ఈయన ఎవరి ముందు పడితే వాళ్ల ముందు నిట్టూర్చేవారు. ఆ పక్కనే కూతురు కూచుని వింటున్నా సరే. నాకు ఒళ్లు మండిపోయేది.

రష్మి న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఉంటుంది. ఐటీ కన్సల్టెంటు. మేము ఆరు నెలలకని మొదటిసారి వచ్చినప్పుడు ఈయనకు కాలు ఒకచోట నిలవలేదు. కారు లేనిదే పాలు కూడా తెచ్చుకోలేని చోటు. పైగా మాది పై అంతస్తు, చెక్క నేల. హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగీ తిరిగీ కింది వాళ్లచేత అపార్ట్‌మెంట్ల లీజింగ్ ఆఫీసుకి ఫిర్యాదు చేయించారు. రష్మి ఆ గొడవ పడలేక ఆఫీసుకు వెళ్తూ వెళ్తూ నాన్నను లైబ్రరీలో దించేది.

ఆ లైబ్రరీలో మిస్ ట్రెగల్లాక్ అని ఒక పెద్దావిడ ఉండేది. జీతం లేకుండా వచ్చి, పూర్వీకుల వివరాలు వెతుక్కునేవాళ్లకు సాయం చేస్తుంది. ఆవిడ ఇంటిపేరు ఇంగ్లండులో కూడా అరుదేనట. ఆవిడ తాతముత్తాతలు అక్కడ ఒక మూల గనుల్లో పనిచేసి, ఆ గనులు మూతపడితే ఇక్కడి ఇనుప గనులకు వచ్చారట. కంప్యూటర్‌లో ఆవిడ ఈయనకు పటాలు చూపించింది. పాత పటంలో ఇంగ్లండు మూలన చుక్కలు గుంపుగా ఉన్నాయి. తర్వాతి తరం పటంలో అక్కడ పలచబడి న్యూజెర్సీలో ఇన్ని, మిషిగన్‌లో ఇన్ని తేలాయి.

ఆ సాయంత్రం ఈయన ఇంటికి ఎగురుకుంటూ వచ్చారు. "రాజేశ్వరీ, పేరు అంతరించిపోవడం లేదే! పని వెతుక్కుంటూ ఊరు మారుతోంది, అంతే!"

మర్నాడే అమెరికా పటం కొనిపించి హాల్లో గోడకు అంటించారు. ఆయన లెక్క ఏమిటంటే, మన దేశంలో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరమై నక్కి ఉంటుంది. పి. అంటే పొగడదొడ్డో, పోలవరపో ఎవరికి తెలుసు? ఇక్కడ దాన్ని మొత్తంగా బయటికి లాగి పేరు చివర కడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ పేరే పిలుస్తారు. కాబట్టి మనవాళ్లు బెజవాడలో కంటే ఇక్కడే తేలిగ్గా దొరుకుతారు. ఈ మాట ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు గాని, నిజమే.

పార్సిప్పనీ మీద మొదటి చుక్క రష్మిది. దాన్ని పెన్సిల్‌తో పెట్టారు. ఎందుకలా అని అడిగితే, "ఆడపిల్ల, ఇవాళో రేపో మారిపోయే పేరు" అన్నారు. ఎర్ర సిరాతో పెట్టిన మొదటి చుక్క మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్ మీద. అక్కడ అనుదీప్ పొగడదొడ్డి అనే కుర్రాడు కార్ల కంపెనీలో ఇంజనీరు. తండ్రి పరంధామయ్యగారు భార్య పోయాక వచ్చి కొడుకు దగ్గరే ఉంటున్నారు.

ముక్కూ మొహం తెలియని మనిషికి ఫోన్ చేసి ఈయన అన్న మొదటి మాట, "అన్నయ్యా, నేను మీ తమ్ముణ్ని." ఆ పెద్దాయన ఆ మాట మళ్లీ ఒకసారి అనమన్నారు. పూర్వం తమదీ కృష్ణా జిల్లానేననీ, పెద్దలు కర్నూలు వైపు వెళ్లిపోయారనీ చెప్పారు. గోత్రం అడిగితే కొంచెం ఆగి మా గోత్రమే చెప్పారు. ఈయన ఆనందం పట్టలేక ఫోన్ నా చేతికిచ్చేశారు. నేను "బావగారూ, బాగున్నారా" అని పలకరించాను.

నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి తండ్రీకొడుకులు మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే ఈయన రష్మిని ముందుకు లాగి, "ఇదుగోనమ్మా, మీ అన్నయ్య!" అన్నారు. అది మొహమాటానికి ఒకసారి అన్నయ్యా అంది. మళ్లీ ఆ మాట దాని నోట నేను వినలేదు. అప్పుడే అనుమానించాల్సింది. కానీ ఆ రెండు రోజులూ వంటింట్లోంచి బయటికి వస్తే కదా!

మరుసటి ఏడాది మేము మళ్లీ వచ్చేసరికి కథ ముదిరి పాకాన పడింది. వచ్చిన వారానికే రష్మి మా ఇద్దరినీ కూచోబెట్టి చెప్పింది. అనుదీప్‌నే చేసుకుంటానంది.

ఈయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వాడు నీకు అన్నయ్యే."

"లేదు నాన్నా. జస్ట్ లాస్ట్ నేమ్ ఒకటే. అంతే."

"అంతేనా? ఇంటిపేరొకటి, గోత్రమొకటి! అన్నాచెల్లెళ్లకు పెళ్లేమిటే?"

"మరి అంత పెద్ద మ్యాప్ పెట్టుకుని నువ్వే కదా వెతికి తెచ్చావ్! ఆ మ్యాప్‌లో నాది పెన్సిల్ చుక్క. నేను ఆ ఇంటిపేరు దాన్నే కాదన్నట్టు పెంచావ్. ఇప్పుడు ఆ ఇంటిపేరే అడ్డమా?"

రష్మి ఇంకో మాట కూడా గట్టిగా చెప్పింది. నాన్న ఒప్పుకోకపోతే పెళ్లి చేసుకోదు. కానీ ఇంకొకరినీ చేసుకోదు. అది అన్న మాట మీద నిలబడే పిల్ల, తండ్రి పోలికే.

ఇక చూడండి మా ఆయన అవస్థ. పరంధామయ్యగారు మా వాళ్లయితే కూతురి పెళ్లి జరగదు. కాకపోతే, ఆ పేరున్న ప్రతివాడూ మనవాడే అని జీవితమంతా చెప్పుకు తిరిగినదంతా వట్టిది. కూతురి మొహం చూడలేరు, గోడ మీది పటం చూడలేరు. కాఫీ కలుపుకుని ఒక గదిలో పెట్టి, ఇంకో గదిలో వెతుక్కునేవారు. పార్కింగ్ లాట్ చుట్టూ తిరిగి వచ్చి, తలుపు దగ్గర చెప్పులు విప్పకుండానే మళ్లీ వెళ్లేవారు. మిషిగన్‌కి ఫోన్ చేస్తే పరంధామయ్యగారు వాతావరణం సంగతులు చెప్పి పెట్టేసేవారు. ఆయనకూ కొడుకు చెప్పేశాడని అర్థమవుతూనే ఉంది. ఆ పెద్దమనిషి ఔననడు, కాదనడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

"ఇలా తిరిగి చెప్పులు అరగదీస్తారా, వెళ్లి ఎదురుగా అడుగుతారా?" అన్నాను చివరికి.

రష్మి డ్రైవ్ చేసింది. దారి పొడుగునా మంచు. ఈయన ప్రతి రెస్ట్ ఏరియాలోనూ దిగి అటూ ఇటూ పచార్లు చేసి ఎక్కారు.

అక్కడ సాయంత్రమంతా అదే తంతు. పరంధామయ్యగారు మరమరాలతో ఉగ్గాణి చేయించారు, మిరపకాయ బజ్జీలు వడ్డించారు, మంచు ఊడ్చే కొత్త స్నోబ్లోయర్ గురించి చెప్పారు. ఈయన మూడుసార్లు గొంతు సవరించుకున్నారు. మూడుసార్లూ ఆయన ఇంకో బజ్జీ వేశారు. అనుదీప్, రష్మి డైనింగ్ టేబుల్ అటు చివర ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లల్లా కూచున్నారు. మర్నాడు పొద్దున ఈయన విసిగిపోయి పెట్టె సర్దేశారు. "ఆయన నోరు విప్పడు. విప్పలేదంటేనే తెలుస్తోందిగా, రక్తం ఒకటే. ఇంక ఈ మాట ఎత్తొద్దు" అని రష్మితో అన్నారు. అది ఏడవలేదు. కారు తాళాలు తీసుకుని బయటికి నడిచింది. అది ఏడ్చినా బాగుండేదనిపించింది నాకు.

ఈయన పెట్టె డిక్కీలో పెడుతున్నారు. అంతలో పరంధామయ్యగారు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులోకి వచ్చేశారు. వెనకాల కోటు పట్టుకుని అనుదీప్.

"తమ్ముడూ, సామాను దించు."

"ఎందుకన్నయ్యా?"

"అన్నయ్యా అనొద్దు. ఆ ఇంటిపేరు మీది. మాది కాదు."

అనుదీప్ చేతిలో కోటు అలాగే ఉండిపోయింది.

"మీ తాత తమ్ముడు కర్నూలు పక్కకొచ్చి భూములు కొన్నాడు, ఎరుకనా?"

"విన్నాను. ఆయనకు మగపిల్లలు లేరు, వంశం నిలవలేదని మా నాన్న చెప్పేవారు."

"కూతురుంది. మాణిక్యమ్మ. మాయమ్మ." పెద్దాయన డిక్కీ తలుపు పట్టుకున్నారు. "మా నాయన ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినోడు. ఆస్తి అల్లునికి పోయిందని మీవాళ్లు రాకపోకలు మానేసిరి. ఊర్లో మా నాయన్ని పేరు పెట్టి పిలిచినోడు లేడు. ఇల్లరికపోడు అనేవాళ్లు. నన్ను బడిలో చేర్చేటప్పుడు మాయమ్మే వచ్చి తన ఇంటిపేరు రాయించింది. నా కొడుకును ఎవరూ ఆ మాట అనకూడదని నేను ఎవరికీ చెప్పలే. వీనికి కూడా చెప్పలే."

"మరి గోత్రం?"

"అదీ మాయమ్మదే చెప్పినా. నువ్వు ఫోన్ చేసి మీ తమ్ముణ్ని అంటివి. ఇంత వయసొచ్చినాక నన్ను మావాడు అని పిలిచినోడివి నువ్వొక్కడివే. కాదని ఎట్ల చెప్పేది?"

మా ఆయన పెదవులు కదులుతున్నాయి. వరసలు కలుపుతున్నారని నాకు అర్థమైంది. తాత తమ్ముడి కూతురు నాన్నకు చెల్లెలు. నాన్నకు చెల్లెలు తనకు మేనత్త. మేనత్త కొడుకు...

"బావా!" అని అరిచారు. పక్కింటి అమెరికా ఆయన మంచు ఎత్తుతున్నవాడు ఆగి చూశాడు. "నువ్వు నాకు బావవు! మేనత్త కొడుకువి! నీ కొడుక్కి నా కూతురు... మేనరికం కదే రాజేశ్వరీ!"

ఇద్దరు ముసలివాళ్లూ మంచులో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ ఒక్క మాటతో వరసలన్నీ తిరగబడ్డాయి. ఈయనకు అన్నయ్య బావ అయ్యాడు. నాకు బావగారు అన్నయ్యగారయ్యారు. రష్మికి పెదనాన్న మామయ్య అయ్యాడు. అనుదీప్ సంగతి ఇక చెప్పాలా! "సో, ఓకేనా అంకుల్?" అని వాడు అడిగితే, "అంకుల్ ఏమిట్రా, మామయ్యా అను" అని ఈయన కసిరారు. అప్పుడు ఏడ్చింది రష్మి, కారు స్టీరింగ్ మీద తల పెట్టుకుని.

లోపలికి వచ్చి కాళ్లు వెచ్చబడ్డాక పరంధామయ్యగారే అసలు సమస్య ఎత్తారు. శుభలేఖలో రెండువైపులా పొగడదొడ్డి అని ఉంటే చూసినవాళ్లు ఊరుకోరు. ఆడపిల్ల తండ్రిని ఆడిపోసుకుంటారు. "మా నాయనది గొర్లగుట్ట ఇంటిపేరు. మా పక్క అదే వేయించు. ఇల్లరికం సంగతి బయటపడితే పడనీ. ఇంతదాకా దాచింది చాల్లే."

మా ఆయన లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు. మళ్లీ వెళ్లి వచ్చారు. వరస కుదిరింది, నలుగురి నోళ్లూ మూయించే దారి కూడా దొరికింది, ఇంకా ఏం కావాలి ఈ మనిషికి అని నేను విసుక్కున్నాను.

"వద్దు బావా" అన్నారు. "గొర్లగుట్ట వారి పేరు పైన తప్పకుండా వేయిద్దాం, మీ నాన్నగారి పేరుతో. నీ పేరూ వీడి పేరూ మాత్రం ఇప్పుడున్నట్టే ఉండాలి. అది మా అత్త పెట్టిన పేరు."

శుభలేఖలు అలాగే అచ్చయ్యాయి. వాట్సప్‌లో అందిన గంటలోపే బెజవాడ నుంచి మా మరిది ఫోన్ చేశాడు. "ఒకే ఇంటిపేరులో పెళ్లేమిటన్నయ్యా, మతిపోయిందా? నలుగురూ ఏమనుకుంటారు?" అని వాడి కేకలు నాకు వంటింట్లోకి వినిపిస్తున్నాయి. ఈయన అంతా అయ్యేదాకా విన్నారు.

"అనుకోనీరా. వంశం నిలవలేదని నాన్న చెప్పేవాడే, ఆ తాతకు కూతురుంది. పేరు మాణిక్యమ్మ. ఎవరైనా అడిగితే ఆవిడ పేరు చెప్పు. అడక్కపోయినా చెప్పు."