సెల్మా వంతెన మీద మా సోషల్ టీచర్

ఒంగోలు స్కూల్లో మాకు సోషల్ చెప్పిన సుగుణ టీచర్ అట్లాంటాలో మేనకోడలి ఇంటికి వచ్చారని తెలిసి ఫోన్ చేశాను. "ఆదివారం తిరుగు ఫ్లైట్ తల్లీ. సెల్మా వంతెన నడిచి దాటాలని ఎప్పటి కోరికో. ఈ మోకాళ్ళేమో ఇట్లా ఏడ్చాయి," అన్నారు. అమెరికాలో నల్లజాతి వాళ్ళ ఓటు హక్కు కోసం ఆ వంతెన మీదుగా జనాన్ని నడిపించిన నాయకుడి పాఠం ఆవిడ పుస్తకం మూసేసి చెప్పేవారు. ఆ క్లాసు కోసం నేను జ్వరంతో కూడా బడికి వెళ్ళేదాన్ని. ఫోన్ పెట్టేయగానే డాలస్ నుంచి టికెట్ బుక్ చేసేశాను.

శనివారం ఉదయం ఆరింటికి అట్లాంటాలో రెంటల్ కార్ తీసుకున్నాం. అద్దె, పెట్రోలు కలిపి వంద డాలర్ల పైచిలుకు. మాంట్‌గోమరీ మీదుగా మూడున్నర గంటల దారి. సెల్మా ఉన్న అలబామాలో గడియారం గంట వెనక్కి పోతుంది కానీ ఆకలి పోదు కదా! మాంట్‌గోమరీలో ఆగి గ్రిట్స్ తిన్నాం. అంటే మొక్కజొన్న రవ్వ జావ. "పచ్చడొక్కటే తక్కువ," అని తేల్చేశారు టీచర్. ఎక్కడికని వంటావిడ అడిగితే చెప్పాం. "మా అమ్మ దాటింది ఆ వంతెన. నెమ్మదిగా ఎక్కండి," అందామె.

సెల్మాలోకి వెళ్ళేదే ఆ వంతెన మీదుగా. కార్లోనే దాటి, కారు ఊళ్ళో పెట్టి, మళ్ళీ వంతెన దగ్గరికి నడిచి వచ్చాం. వంతెన మొదట్లో నేను గుడి మెట్టు ఎక్కబోతున్నట్టు బూట్లు విప్పేశాను. "మీవీ ఇవ్వండి టీచర్, పట్టుకుంటాను," అని వంగాను. ఆవిడ కాలు వెనక్కి తీసుకున్నారు.

"వద్దమ్మా. మా ఊళ్ళో పెద్ద కులాలోళ్ళ వీధి దాటాలంటే మా అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేది. పక్కన నేనూ అంతే. ఇక్కడ మాత్రం విప్పను."

అన్నేళ్ళు ఆవిడ దగ్గర చదువుకున్నాను, ఈ మాట ఎన్నడూ వినలేదు. తలెత్తలేక బూట్లు తొడుక్కున్నాను. "సిగ్గెందుకే పిచ్చిదానా, భక్తేగా," అని నా భుజం పట్టుకున్నారు.

నడిమధ్యకు ఎక్కేదాకా అవతలి ఒడ్డు కనిపించదు. ఆగుతూ ఆగుతూ నడిచాం. కార్ తెస్తానంటే కసిరారు. అవతల నేల మీద కాలు పెట్టగానే టీచర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. "దాటానే అమ్మా," అన్నారు. ఆ మాట నాతో కాదు.

చిన్నప్పుడు ఆ పాఠం అమెరికాదనుకున్నాను. ఆవిడ మాకు తన ఊరి వీధి గురించే చెప్పారని ఇప్పుడు తెలిసింది. ఆ క్లాసులో మళ్ళీ ఒక్కసారి కూర్చోవాలని ఉంది. వెళ్ళాలనుకునేవారికి ఒక్క మాట: వేసవిలో ఎండెక్కక ముందే వెళ్ళండి, కాళ్ళకు నప్పే చెప్పులు వేసుకోండి. విప్పకండి.