నోటు మీది మడత

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పైగా, దయ్యం ముఖమున్నదని పేరుపడ్డ నోట్లనే భూతద్దం కింద పెట్టి పరిశీలించడం నా వ్యాసంగం. 1954 వరుస కెనడా నోట్లలో రాణి జుట్టు వంకీల నడుమ ఒక వికృతముఖాన్ని పోల్చుకోవచ్చు. తరువాతి ముద్రణలో ఆ నీడలను దిద్దివేశారు. అందుచేత తొలి ముద్రణకే విలువ ఎక్కువ. నా కంటికి మాత్రం అది సిరా నీడ, అంతే.

హనుమకొండలో నేనొక విశ్రాంత తెలుగు పండితుణ్ణి. భార్య పోయిన తరువాత ఈ నోట్ల ముచ్చట చెప్పుకోవడానికి మిగిలినవాడు ఖాసిం ఒక్కడే. కాజీపేటలో రైల్వే గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. ప్రతి శుక్రవారం నమాజు ముగించుకొని నా ఇంటికి వచ్చేవాడు.

ఒక శుక్రవారం అటువంటి తొలి ముద్రణ డాలరు నోటు తెచ్చాడు. డోర్నకల్‌లో కొన్న పాత పుస్తకంలో దొరికిందట. మడత ఎరుగని కాగితం. "జర చూసి ఖరీదు రాయి పంతులూ. నీ మాటే నాకు సర్కారు ముద్ర" అని నవ్వి, చాయ్ తేవడానికి సందు చివరికి వెళ్లాడు.

తెరచిన నిఘంటువు మీద పెట్టిన నోటు పంకా గాలికి లేచింది. ఎగిరిపోతుందన్న తొందరలో పుస్తకం మూసేశాను. తెరచి చూస్తే నోటు నడిమికి మడతపడి ఉన్నది.

మడతపడితే కాగితపు నార విరుగుతుంది. ఇస్త్రీ చేస్తే గీత అణగుతుంది గాని, దానితోబాటు ఉబ్బెత్తు ముద్రణ కూడా అణగి మోసం బయటపడుతుంది. ఖరీదు సగానికి పడిపోతుంది. ఇవన్నీ తెలిసినవాణ్ణే అయినా, ఆయన తిరిగి వచ్చేలోగా, నోటు వరుస సంఖ్య, స్థితి, ఖరీదు రాసి ఇచ్చే వివరపత్రంలో 'నడుమ నిలువు మడత, పాతది' అని రాశాను.

ఖాసిం చదివాడు. నోటును కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టి చూశాడు. నోటునూ పత్రాన్నీ తీసుకున్నాడు. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. ఫోను చేయడానికి నాకు ముఖం చెల్లలేదు. రెండు నెలలకు ఆయన పోయాడన్న కబురే వచ్చింది.

మరో ఐదు నెలలకు ఆయన భార్య మహబూబీ, అమ్మదలచి, ఆ నోటునూ నా పత్రాన్నీ తెచ్చింది. ఆయన పోయిన నాటి నుంచి నోటు దాచిన పెట్టె తెరవలేదన్నది.

నోటు తీసి చూశాను. మడత లేదు.

వరుస సంఖ్య పత్రంలో రాసినదే. ఏటవాలు వెలుగులో చూశాను, భూతద్దంతో చూశాను, వేలికొసతో తడిమాను. నార విరగలేదు. ముద్రణ ఉబ్బెత్తు చెక్కుచెదరలేదు.

ఇక దాచలేకపోయాను. "ఆ మడత నా చేతిదేనమ్మా" అన్నాను.

"ఆయనకు ఎర్కే సారూ" అన్నది. "ఇంటికి రాంగనే చూపిచ్చిండు, మడత నేనూ జూసిన. 'మా పంతులు చేతుల పడ్డది. అడిగితె సిగ్గువడ్తడు. ఆ గీత పోయిన్నాడే మళ్ల ఆయనింటికి పోత తీ' అని నవ్విండు. గంతల్నే దవాఖానల పడ్డడు."

పత్రం మార్చి 'మడత లేదు' అని రాసి సంతకం చేశాను. నోటుతోబాటు ఆమెకు అందించాను.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ కాగితం తన మడతను ఎట్లా పోగొట్టుకున్నదో మాత్రం చెప్పలేను. శుక్రవారం మధ్యాహ్నాలు వీధి తలుపుకు గడియ వేయను.