అప్పలనాయుడి కూతురి పేరు

ఇది జరిగింది. నేను కల్పించి రాసే మనిషిని కాను. శ్రీకాకుళంలో చాన్నాళ్ళు విలేకరిగా పనిచేశాను. ఎవరు చెప్పారో తెలియకుండా ఒక్క వార్త కూడా పంపలేదు. ఈ ఒక్కటీ తప్ప...

అప్పట్లో ఎవరిని చూసినా కంప్యూటర్ కోర్సే. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తలకిందులవుతాయని కంపెనీలు మనుషుల్ని ఎగబడి తీసుకుంటున్న కాలం. పేపర్ మానేసి నేనూ ఆ దారే పట్టాను. సింగపూర్ వచ్చి పడ్డాను. పాసిర్ రిస్‌లో అద్దె ఫ్లాటు. పగలంతా ఆఫీసు. రాత్రయితే పాత జబ్బు తిరగబెట్టేది. ఇక్కడి తెలుగువాళ్ళు నడిపే చిన్న పత్రికకు వార్తలు రాసేవాణ్ణి. ఉగాది భోజనాలు, పిల్లల డాన్సులు, ఎవరింట్లోనో వ్రతం... అలాంటివే.

అలా వార్తల కోసం తిరుగుతున్నప్పుడే ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో అప్పలనాయుడు పరిచయమయ్యాడు. మా జిల్లావాడే. తువాస్‌లో ఓడల మరమ్మతు యార్డులో వెల్డర్.

"పాప పుట్టింది బాబూ. నాను ఇంకా సూడనేదు" అన్నాడు.

"పేరేం పెట్టారు?"

సిగ్గుపడుతూ నవ్వాడు. "నా మనసులో ఉంది. ఎల్లినప్పుడు దాని సెవిలో నానే సెప్తాను. అందాకా ఎవులికీ సెప్పను."

ఏదైనా అవసరమైతే ఫోన్ చెయ్యమని మా ఇంటి నంబరిచ్చాను. అతను చెయ్యలేదు. కొన్ని వారాలకు అతని గదిలో ఉండే రమణ చేశాడు.

"నాయుడు లేవనేదు బాబూ... పొద్దున్న డూటీకి లేపితే... లేవనేదు."

నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. ముప్పై కూడా దాటని మనిషి.

శవాన్ని ఇంటికి పంపే ఏర్పాట్లకు నలుగురం తిరిగాం. విమానం మర్నాడు పొద్దున్న. ఆ రాత్రి పత్రికకు నివాళి రాస్తూ కూర్చున్నాను. మా ఆవిడ లోపల పడుకుంది. కింది ఫ్లాటులో చైనావాళ్ళు మాజాంగ్ అనే పలకలాట ఆడుతున్నారు. పలకలు కలుపుతున్న చప్పుడు... గలగల... గలగల...

'ఆయనకు భార్య, పసిపాప ఉన్నారు' అని రాశాను. అక్కడ చెయ్యి ఆగింది. పేరు లేని పాప. చేసేదేముంది? అలాగే వదిలేశాను.

మెయిల్ పంపడానికి ఇంటర్నెట్ కలిపాను. మోడెం కీచుమని అరిచి ఊరుకుంది. ఇంట్లో ఉన్నది ఒకటే లైను. ఇంటర్నెట్ కలిసి ఉన్నంతసేపు ఫోను మోగదు. మాకెప్పుడూ మోగలేదు.

మోగింది.

కింద పలకల చప్పుడు ఆగిపోయింది. అది ముందు ఆగిందో, ఫోను ముందు మోగిందో... ఎంత ఆలోచించినా గుర్తు రాదు.

రిసీవర్ ఎత్తాను. మోడెం రొద ఉండాలి కదా... లేదు. ఎక్కడో దూరంగా గాలి. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు... ఒకటి... కాసేపటికి ఇంకొకటి...

"హలో?"

"బాబూ..."

అంతే. రిసీవర్ చెవికి అదుముకున్నాను.

"ఎవరండీ?"

"పాప పేరు రాయనేదు బాబూ."

చాలా నీరసంగా ఉంది గొంతు. చాలాసేపు నడిచి వచ్చినవాడిలా మాటకీ మాటకీ ఆయాసం.

"పేరు... జలజ. జలజ అని రాయండి."

"ఎవరు? రమణా? రమణేనా?"

గాలి. ఇనుము చప్పుడు. తర్వాత... ఏమీ లేదు. చెవిలో మోడెం రొద హోరుమంది.

వెనక్కి తిరిగితే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"ఫోను మోగింది కదా..."

"మోగలేదే. నీ మాటలకే లేచాను."

పొద్దున్న విమానాశ్రయంలో రమణని పక్కకు పిలిచి అడిగాను. "నాను సెయ్యనేదు బాబూ. రాత్రిపూట మమ్మల్ని బయటికి ఒగ్గరు. ఫోనెక్కడిది?" అన్నాడు. పాప పేరు అతనికీ తెలియదు. గదిలో ఎవరికీ తెలియదు.

నివాళిలో ఆ పేరు వేశాను. వెయ్యకుండా ఉండలేకపోయాను.

దినాలయ్యాక వాళ్ళ ఊరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి అతని భార్య పార్వతిని పిలిపించాను.

"అమ్మా... నాయుడు పాపకి జలజ అని పెట్టాలనుకున్నాడట."

అవతల పాప ఏదో గునుస్తోంది.

"నీల్ల పేరెడతాననీవోరు" అంది. "ఓడల కాడ పని గదా... నీల్ల పేరెడతాననీవోరు. ఏ పేరో నాకూ సెప్పనేదు. మీకు ఎవులు సెప్పారు?"

"అక్కడి... స్నేహితులు."

తర్వాత మెల్లగా, పక్కవాళ్ళకు వినబడకూడదన్నట్టు అడిగింది.

"ఆయన గొంతు ఎలాగుంది బాబూ? నీరసంగా ఉందేటి?"

ఆవిడ ఎదురుచూస్తోంది. ఊపిరి వినిపిస్తోంది.

"లేదమ్మా" అన్నాను. "బాగానే మాట్లాడాడు."

అవతల ఏడుపు మొదలైంది.

ఆ మాట అబద్ధమో, నిజమో... నేను ఎవరి గొంతు గురించి చెప్పానో... నాకు ఇప్పటికీ తెలియదు.