లెక్క సరిపోయిన సాయంత్రం

నా చిన్నప్పుడు, బంట్వారం దగ్గర మా ఊళ్లో, బడి గంట కొట్టే వేళకే మేకల దొడ్డి తలుపు తీసేవాళ్లు. నేను మేకల వెంట వెళ్లాను. అందుకే ఇన్నేళ్లూ ఏమీ రాయలేకపోయాను. అరవై దాటాక మహిళా సంఘంలో సంతకంతో మొదలుపెట్టి, కూడబలుక్కుంటూ చదవడం, మెల్లగా రాయడం నేర్చుకున్నాను. ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

అప్పట్లో నాకు లెక్కా వచ్చేది కాదు. ఇరవై దాటితే ఎటు వెళ్లాలో తెలిసేది కాదు. సాయంత్రం మా చిన్నాయన దొడ్డి వాకిట్లో కర్ర అడ్డం పెట్టి, మేకల్ని ఒక్కొక్కటిగా లోపలికి వదులుతూ లెక్కపెట్టేవాడు. మధ్యలో నా వైపు చూసి, "ఇరవై తర్వాత ఏందే? నీ తలకాయనా?" అని నవ్వేవాడు. నేను తల దించుకునేదాన్ని.

ఒకరోజు మా మంద, పొరుగూరి మంద ఒకే కుంటలో నీళ్లు తాగాయి. ఇంటికొచ్చాక చిన్నాయన, "నలభై రెండు. సరిపోయినయ్" అని కర్ర తీసేశాడు. మా తాతయ్యకు అప్పటికే చూపు మందగించింది. అయినా ఏదో కొత్త అరుపు వినబడినట్టు దొడ్డి వైపే చెవి పెట్టి నిలబడ్డాడు. కాసేపటికి నన్ను పిలిచి, "బిడ్డా, నువ్వు లెక్కపెట్టకు. మొకాలు చూసి, ఏది రాలేదో చెప్పు" అన్నాడు.

మేకల మధ్యకు వెళ్లాను. చెవి చీలింది ఉంది. వంకరకొమ్ముది ఉంది. కుంటిదీ, దాని పిల్లలూ ఉన్నాయి. మూల దాకా చూసి తిరిగొచ్చాను.

"తాతా, సుక్కల మేక లేదు. మూలకున్న ఎర్రది మనది కాదు."

చుక్కల మేక నిండు సూడితో ఉంది. చిన్నాయన పరుగెత్తి వెళ్లి పొరుగూరి మందలోంచి దాన్ని తోలుకొచ్చాడు. ఆ వారంలోనే అది రెండు పిల్లలను ఈనింది.

తాతయ్య ఎవరినీ తిట్టలేదు. నా తల మీద చెయ్యి వేసి, "దీనికి తెల్వదనుకున్నం. మనకే అడుగుడు రాలే" అన్నాడు. ఎవరికైనా ఏదైనా రాదని అనిపించినప్పుడల్లా ఇప్పటికీ నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది. నేను అడిగిన తీరు సరిగ్గా ఉందా అని ముందు చూసుకుంటాను.

ఈ ఏడు తాండూరులో మా మనవరాలు పదో తరగతి. పాఠం ఒకసారి వింటే మొత్తం చెబుతుంది. కాగితం మీద పెట్టేసరికి అక్షరాలు తారుమారవుతాయి. రెండు ప్రశ్నలు రాసేలోపు సగం సమయం అయిపోతుంది. "నేను చెప్తే నాయనమ్మకు సుత సమజైతది. రాస్తే సార్లకే సమజైతలేదు" అని తనే నవ్వేది. ఈమధ్య నవ్వడం మానేసి, అసలు పరీక్షకే కూర్చోనంది.

వాళ్ల సారు ఒక దారి చెప్పాడు. వికారాబాద్ పెద్దాసుపత్రిలో డాక్టర్లు చూసి కాగితం ఇస్తే, పరీక్షలో అదనపు సమయం అడగొచ్చట. పిల్ల చెబుతుంటే రాసిపెట్టే మనిషిని కూడా అడగొచ్చట. దరఖాస్తుకు వారమే గడువు. నాపరాళ్ల పాలిష్ పనికి వెళ్లే నా కొడుక్కి ఆ మాట గుచ్చుకుంది.

"పిల్లకు బుద్ధి తక్కువని మనమే రాయించుకుందామా అమ్మా? నలుగుట్ల ఎట్ల తిరగాలె?"

భోజనాల దగ్గర వాడికి చుక్కల మేక సంగతి చెప్పాను.

"ఆ మేకపిల్లలు ఏ రంగువి నాయనమ్మా?" అంది మనవరాలు.

"ఒకటి సుక్కలది, ఒకటి నల్లది."

కొడుకు లేచి చెయ్యి కడుక్కుని, సారు ఇచ్చిన ఫారం మీద సంతకం పెట్టి, పిల్ల ఆధార్ కార్డుతో పాటు నా ముందు పెట్టాడు. "నాకు రేపు పనుంది. నువ్వే తీస్కపో" అన్నాడు.

మరునాడు పొద్దున్నే ఇద్దరం వికారాబాద్ బస్సెక్కాం. ఆసుపత్రి కిటికీ దగ్గర, వెంట వచ్చినవాళ్లు కూడా సంతకం చేయాలన్నారు. అక్కడి అమ్మాయి నన్ను చూసి ఇంకు ప్యాడు ముందుకు జరిపింది.

"ముద్ర వద్దు బిడ్డా, రాస్త. జర టైం పడ్తది" అన్నాను.

వెనక వరుసలో ఎవరో గొణిగారు. నేను నా పేరులోని అక్షరాలను ఒక్కొక్కటే దింపాను. అన్నీ దిగేదాకా మనవరాలు ఆ కాగితం కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.